ఏటికి ఎదురుగా సైకిల్ మీద: సట్లెజ్, స్పితి లోయల మీదుగా సిమ్లా నుంచి మనాలి

సిమ్లాలో సాయంత్రం బస్సెక్కితే మామూలు దారిలో తెల్లారేసరికి మనాలిలో దిగొచ్చు. ఇక్కడ చెప్పబోయేది ఆ దారి కాదు, చుట్టు తిరిగి వెళ్ళే దారి. సట్లెజ్ వెంట కిన్నౌర్‌లోకి వెళ్ళి, ఖాబ్ దగ్గర స్పితి నదిని పట్టుకుని కాజా దాకా ఎక్కాలి. కుంజుమ్ కనుమ దాటి చంద్రా నది లోయలోకి దిగి, రోహ్‌తాంగ్ మీదుగా మనాలి చేరాలి. పక్క ఊళ్ళు చూసుకుంటూ పోతే దాదాపు 750 కిలోమీటర్లు.

ఈ అంకె చెప్పగానే బ్రెవేలు (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ సవారీలు) తొక్కే మిత్రులు పెదవి విరుస్తారు. 600 కిలోమీటర్లను 40 గంటల్లో ముగించేవాళ్ళకు 750కి మూడు వారాలు ఎందుకో అర్థం కాదు. ఈ దారిలో కిలోమీటర్లు పక్కన పెట్టేయండి. ఏ రాత్రి ఏ ఊళ్ళో, సముద్రమట్టానికి ఎంత ఎత్తులో పడుకుంటున్నాం అన్నదే లెక్క. ఆ పట్టిక సరిగ్గా కుదిరితే తొక్కడం దానంతటదే కుదురుతుంది. అది తప్పితే మోకాళ్ళలో ఎంత బలం ఉన్నా మంచం పట్టాల్సిందే.

దిశ: సిమ్లా వైపు నుంచే

ఇదే దారిని మనాలి నుంచి మొదలుపెట్టేవాళ్ళూ ఉన్నారు. నేనైతే వద్దంటాను. మనాలి 2,050 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి మూడు నాలుగు రోజుల్లోనే 4,551 మీటర్ల కుంజుమ్ ఎక్కాల్సి వస్తుంది. ఒంటికి అలవాటుపడే వ్యవధే ఉండదు. పైగా మధ్యలో ఊరన్నదే లేదు. సిమ్లా వైపు నుంచి వస్తే ఎత్తు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒక రోజు ఎక్కి, మర్నాడు దిగి, మళ్ళీ అంతకన్నా కొంచెం పైకి ఎక్కుతాం. రెండు వారాల తర్వాత కాజా చేరేసరికి శరీరం ఆ పల్చటి గాలికి సర్దుకుని ఉంటుంది.

గాలి సంగతి కూడా ఉంది. ఎండెక్కాక లోయల్లో గాలి కింది నుంచి పైకి వీస్తుంది. స్పితిలో మధ్యాహ్నం మొదలైతే దుమ్ము లేపుతూ సాయంత్రం దాకా ఆగదు. నదికి ఎదురుగా వెళ్ళేవాళ్ళకు అది చాలావరకు వీపు మీద తగులుతుంది. ఏటికి ఎదురు, గాలికి వాలు అన్నమాట. కాకపోతే దారి మెలిక తిరిగిన ప్రతిచోటా పక్క నుంచి కొడుతుంది కాబట్టి పొద్దున్నే ఆరింటికల్లా బయల్దేరి ఒంటిగంటకల్లా బస చేరడం మేలు.

కాలం: సెప్టెంబర్ రెండో వారం

జూలై, ఆగస్టుల్లో వద్దు. స్పితి వానచాయ ప్రాంతమే గానీ, అక్కడికి చేరాలంటే దాటాల్సిన సిమ్లా, కిన్నౌర్ కొండల మీద రుతుపవనాలు గట్టిగా కురుస్తాయి. 2021 జూలై 25న సాంగ్లా లోయలో బట్సేరి దగ్గర, ఆగస్టు 11న జాతీయ రహదారి మీద నిగుల్‌సరి దగ్గర కొండచరియలు పడి ఎందరో చనిపోయారు. ఆ రెండు చోట్లూ మన దారిలోవే. జూన్‌లో వెళ్తే కుంజుమ్ తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. తెరిచినా మంచు కరిగి వాగులు పొంగుతుంటాయి.

సెప్టెంబర్ రెండో వారంలో సిమ్లాలో తొక్కడం మొదలుపెడితే అక్టోబర్ మొదటి వారానికి మనాలిలో ఉంటారు. ఆకాశం తేటగా ఉంటుంది, వాగులు తగ్గుతాయి, కిన్నౌర్ తోటల్లో ఆపిల్స్ ఎర్రబడతాయి. ఆ పంటను మోసుకెళ్ళే లారీలు కూడా అప్పుడే తిరుగుతాయి, కాబట్టి రాంపూర్ దాకా వెనక చూసే అద్దం ఒకటి హ్యాండిల్‌కి తగిలించుకోండి. అక్టోబర్ నడిమికి జరిగితే మాత్రం కుంజుమ్ దగ్గర తెల్లవారుజామున రోడ్డు మీద నీళ్ళు గాజులా గడ్డకట్టి ఉంటాయి.

రాత్రి బసల పట్టిక

ముందు దీన్ని కాగితం మీద రాసుకోండి, సెలవులు ఆ తర్వాత అడగండి. ఎత్తులు ఇంచుమించుగా ఇచ్చాను.

నార్కండా (2,700 మీటర్లు), రాంపూర్ (1,000), సరాహన్ (2,200), టాప్రి, సాంగ్లా (2,700), ఛిత్కుల్ (3,450), రికాంగ్ పియో (2,300), కల్పా (2,950) రెండు రాత్రులు, పూ (2,650), నాకో (3,600) రెండు రాత్రులు, టాబో (3,280), ధంకర్ (3,890), కాజా (3,650) రెండు రాత్రులు, కిబ్బర్ (4,200), లోసర్ (4,080), బాతల్ (3,960), ఛత్రు (3,350), మనాలి.

మొత్తం మూడు వారాలు. దీనికి రెండు రోజులు అదనంగా కలుపుకోండి. రోడ్డు మీద చరియ పడితే బీఆర్వో (సరిహద్దు రోడ్ల సంస్థ) వాళ్ళ జేసీబీ వచ్చి తీసేదాకా ఆగాల్సిందే. సెలవు తక్కువగా ఉంటే కాజాతో ఆపేసి బస్సులో వెనక్కి రండి. అంతేగానీ మధ్యలో విశ్రాంతి రోజులు కోసి మనాలి దాకా ఈడ్చుకెళ్ళొద్దు.

సైకిల్: గేర్లు కింద, టైర్లు లావు

ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న, లేదా అసలు లేని మామూలు ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) చాలు. వెనక క్యారియర్ బిగించడానికి ఫ్రేమ్‌కి రంధ్రాలున్నాయో లేదో కొనేముందు చూడండి. టైరు కనీసం 2 అంగుళాల వెడల్పు ఉండాలి. పియో దాటాక తారు ఉన్నట్టే ఉండి మాయమవుతుంది. లోసర్ తర్వాత గ్రామ్‌ఫూ దాకా చాలాచోట్ల గుండ్రాళ్ళే.

అసలు చూడాల్సింది గేర్లు. ముందు అతి చిన్న చక్రానికి 22 పళ్ళు, వెనక అతి పెద్ద చక్రానికి 34 పళ్ళు ఉంటే బరువుతో ఏ మిట్టనైనా కూర్చునే ఎక్కొచ్చు. రోడ్ బైక్ గేర్లతో వస్తే ఖాబ్ నుంచి నాకోకి నడిచి ఎక్కాలి.

సామాను 12 కిలోలు దాటనివ్వద్దు. ఊళ్ళల్లో పడుకుంటాం కాబట్టి వంటసామాను అవసరం లేదు. డేరా ఉండాలా అంటే, సెప్టెంబర్‌లో ఈ పట్టిక ప్రకారం వెళ్తే లేకపోయినా నడుస్తుంది. స్లీపింగ్ బ్యాగు మాత్రం తీసుకెళ్ళండి, బాతల్ ఢాబాలో రాత్రి దాని విలువ తెలుస్తుంది.

రిపేరు సంచిలో ట్యూబులు, ప్యాచ్‌లు, చేతిపంపు, చైన్ తెంపే పనిముట్టు, చైన్ లింకులు, అలెన్ కీలు, రెండు జతల బ్రేక్ ప్యాడ్‌లు, డీరెయిలర్ హ్యాంగర్ ఒకటి ఉండాలి. వెనక గేరు మార్చే పరికరాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ఈ హ్యాంగర్ ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారంలో ఉంటుంది. మీ సైకిల్‌ది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనుక్కోవాల్సిందే, అక్కడ దొరకదు. అలాగే స్పోకులు. బరువంతా వెనక చక్రం మీద ఉంటుంది కాబట్టి తెగితే సాధారణంగా అక్కడే, గేర్లున్న వైపే తెగుతుంది. సరైన పొడవు స్పోకులు మూడు నాలుగు ఫ్రేమ్‌కి టేపుతో అంటించి ఉంచండి. క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) ఊడదీసే పనిముట్టు లేకపోతే ఆ స్పోకు వేయడం కుదరదు. ఇంటి దగ్గరే ఒకసారి ఊడదీసి బిగించి చూసుకోండి.

సైకిల్‌ను సిమ్లా చేర్చడం

రైల్లో అయితే ఢిల్లీ దాకా మన టికెట్ మీదే లగేజీగా బుక్ చేయండి. పార్సెల్‌గా వేస్తే మీతోపాటే వస్తుందన్న హామీ ఉండదు. రైలు టైముకి రెండు మూడు గంటలు ముందే పార్సెల్ ఆఫీసుకి వెళ్ళండి. సైకిల్ మీద పేరు, ఫోన్ నంబరు, పీఎన్ఆర్ పెద్ద అక్షరాల్లో రాసి కట్టండి. వెనక గేరు మీద అట్టముక్క చుట్టండి. సరుకు పెట్టెలో దాని మీద ఏం పడుతుందో ఎవరికీ తెలియదు.

విమానంలో చండీగఢ్ దాకా వెళ్ళేవాళ్ళు సైకిల్ షాపులో అట్టపెట్టె అడిగితే ఇస్తారు. ముందు చక్రం, పెడళ్ళు, సీటు ఊడదీయాలి. ఎడమ పెడల్ మర రివర్సు, కుడివైపుకి తిప్పితేనే ఊడుతుంది. గ్యాస్ డబ్బాలు, గాలి నింపే కార్బన్ డయాక్సైడ్ గొట్టాలు పెట్టొద్దు, తీసి పారేస్తారు.

కాల్కా నుంచి సిమ్లాకి 1903 నాటి చిన్న రైలుంది, 96 కిలోమీటర్ల దారి. చూడముచ్చటగా ఉంటుంది గానీ ఆ ఇరుకు పెట్టెల్లోకి సైకిల్ ఎక్కించడం తలనొప్పి. చండీగఢ్ నుంచి హిమాచల్ ఆర్టీసీ బస్సు టాపు మీద వేసేయండి. కండక్టర్ లగేజీ టికెట్ కొడతాడు. తాడు మాత్రం మీది, కట్టేది కూడా మీరే.

ఒంటిని సిద్ధం చేసుకోవడం

మన దగ్గర 3,000 మీటర్ల కొండ లేదు, కాబట్టి ఎత్తుకు ఇక్కడ అలవాటు పడలేం. అలవాటు చేసుకోగలిగేది బరువుతో ఎక్కడం. విశాఖ వైపువాళ్ళకు శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్, చిత్తూరు, అన్నమయ్య జిల్లాలవాళ్ళకు హార్స్‌లీ హిల్స్, హైదరాబాద్‌వాళ్ళకు వికారాబాద్ అనంతగిరి ఉన్నాయి. అనంతగిరి చిన్నది, అయిదారుసార్లు ఎక్కి దిగాలి. ప్రయాణంలో మోసే బ్యాగులే అంతే బరువుతో కట్టుకుని ఎక్కండి. వరసగా రెండు రోజులు పూట పూటంతా ఎక్కి, మూడో రోజు ఆఫీసుకి మామూలుగా వెళ్ళగలిగితే చాలు. సామానుతో గంటకు 300 మీటర్లు పైకి ఎక్కగలను అన్నది మంచి కొలమానం. పైన అది 200కి పడిపోతుంది, అలా పడిపోవడం సహజం.

సిమ్లా నుంచి రాంపూర్: తొందరగా దాటేయండి

మొదటి రోజు 60 కిలోమీటర్ల పైచిలుకు. కుఫ్రి దాకా టూరిస్టు కార్ల గోల, ఠియోగ్ దాటాక కాస్త నెమ్మది. డల్హౌసీ కాలంలో 1850లో మొదలైన హిందుస్థాన్–టిబెట్ రోడ్డు జాడలోనే ఈ జాతీయ రహదారి నడుస్తుంది.

నార్కండా నుంచి సట్లెజ్ ఒడ్డుకి దిగడం సరదాగానే ఉంటుంది, కానీ 1,700 మీటర్ల దిగుడు. బ్రేకు అదేపనిగా పట్టుకుని దిగితే రోటర్లు (డిస్క్ బ్రేకు పళ్ళేలు) కాలిపోయి ప్యాడ్‌లు గాజులా మెరుగెక్కుతాయి, ఆ తర్వాత బ్రేకు పట్టదు. మలుపు ముందు గట్టిగా రెండు బ్రేకులూ నొక్కి, మలుపు తిరిగాక వదిలేయండి. పది నిమిషాలకోసారి ఆగి రోటర్ మీద రెండు చుక్కల నీళ్ళు వేయండి. చుయ్‌మంటే టీ తాగే టైమొచ్చిందన్నమాట. కింద ఉక్కగా ఉంటుంది. పొద్దున స్వెట్టర్ వేసుకున్నవాళ్ళు మధ్యాహ్నానికి చెమటలు కక్కుతారు.

రాంపూర్ పాత బుషహర్ సంస్థానానికి రాజధాని. నవంబర్‌లో ఇక్కడ జరిగే లవీ సంతకు ఒకప్పుడు టిబెట్ నుంచి ఉన్ని వచ్చేది. బ్రేక్ ప్యాడ్‌లు అరిగాయేమో ఇక్కడే చూసుకోండి.

సరాహన్, సాంగ్లా, ఛిత్కుల్: మొదటి పాత ఊళ్ళు

జియోరి దగ్గర హైవే వదిలి 17 కిలోమీటర్లు ఎక్కితే సరాహన్. ఎక్కకుండా ముందుకు పోదామనిపిస్తుంది. పోవద్దు. భీమాకాళి గుడి ముందు నిలబడి గోడను దగ్గరగా చూడండి. ఒక వరస దేవదారు దూలం, ఒక వరస రాయి, మళ్ళీ దూలం, మళ్ళీ రాయి. సున్నం లేదు, సిమెంటు లేదు. మూలల్లో దూలాల చివరలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. భూమి కదిలినప్పుడు గోడ మొత్తం కలిసి ఊగుతుంది తప్ప పగలదు. ఈ కట్టడాన్ని కాఠ్‌కుణీ అంటారు. ఇక్కణ్ణుంచి సాంగ్లా దాకా పాత గుళ్ళు, కామ్రూ కోట అన్నీ ఇదే పద్ధతి. లోపలికి తోలు బెల్టు, పర్సు తీసుకుపోనివ్వరు, తలకు టోపీ ఉండాలి. టోపీలు వాళ్ళే ఇస్తారు. హెల్మెట్‌తో పని జరుగుతుందేమోనని చూడకండి.

మళ్ళీ కిందికి దిగి టాప్రి వైపు వెళ్తుంటే రోడ్డు కొండ పొట్టలోకి చెక్కినట్టు ఉంటుంది. రాతి చూరు తల మీదుగా వంగి ఉంటుంది, పక్కన సట్లెజ్. ఈ ముక్క జలవిద్యుత్ ప్రాజెక్టుల సీమ. నాథ్‌పా ఝాక్రి ఒక్కటే 1,500 మెగావాట్లు. టిప్పర్లు, దుమ్ము. ముక్కుకి గుడ్డ కట్టుకుని పొద్దున్నే దాటేయండి. 'షూటింగ్ స్టోన్స్' బోర్డున్న చోట ఫొటోలకు ఆగొద్దు. పైనుంచి చిన్న రాళ్ళు జారుతున్న చప్పుడు వినిపిస్తే ముందుకు పోకుండా ఆగి చూడండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఈ దారిలో నిషిద్ధం అనుకోండి.

కర్ఛమ్ దగ్గర బస్పా నది సట్లెజ్‌లో కలుస్తుంది. వంతెన దాటి 18 కిలోమీటర్లు ఎక్కితే సాంగ్లా. మొదటి సగం మెలికలే. మర్నాడు రక్ఛమ్ మీదుగా ఛిత్కుల్. ఆ రోజంతా పాతిక కిలోమీటర్లే. పూర్తి రోజు తీసుకోండి, 3,450 మీటర్లలో మొదటి రాత్రి ఇది. ఛిత్కుల్ అందం గురించి అందరూ రాసేశారు. నా మట్టుకు రక్ఛమ్ అంతకన్నా నచ్చుతుంది. జనం తక్కువ, బస్పా ఒడ్డు పక్కనే, సగం దారిలో మంచి టీ.

కల్పా

పియో బజారులో డబ్బు తీసుకోండి, మందులు కొనండి, చిల్గోజా గింజలు ఓ పొట్లం కట్టించుకోండి. చైన్ కడిగి నూనె వేయండి. జిల్లా ఆస్పత్రి ఇక్కడే ఉంది, కాజా దాకా ఇంత సదుపాయం మళ్ళీ ఉండదు. భారతీయులకు ఈ దారిలో పర్మిట్ అక్కర్లేదు, చెక్‌పోస్టుల్లో ఆధార్ చూపించి పుస్తకంలో రాయిస్తే చాలు. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో సెలవులకొచ్చి మీతో కలిసే బంధుమిత్రులకు విదేశీ పాస్‌పోర్టు ఉంటే మాత్రం ఇక్కణ్ణుంచి సుమ్దో దాకా వెళ్ళడానికి పర్మిట్ కావాలి. ఓసీఐ కార్డున్నా తప్పదు. పియోలో తీసుకోవచ్చు, ఆదివారం ఆఫీసు ఉండదు.

పియోకి పైన కల్పా. పాత పేరు చీనీ. స్వతంత్ర భారతంలో మొదటి ఓటరుగా పేరుపొందిన శ్యామ్ శరణ్ నేగీ ఈ ఊరివాడే. మంచు పడకముందే కిన్నౌర్‌లో పోలింగ్ పెట్టడంతో 1951 అక్టోబర్‌లోనే ఓటేశాడు. ఎదురుగా కిన్నర్ కైలాస్ శ్రేణి నిలబడి ఉంటుంది. విశ్రాంతి రోజున సైకిల్ తీయకుండా రోఘీ దాకా నడిచి రండి.

నాకో ఎక్కుడు, ఎత్తు జబ్బు

పూ దాటాక చెట్టన్నది కనపడదు. ఖాబ్ దగ్గర సట్లెజ్ టిబెట్ వైపు తిరిగిపోతుంది, మనం స్పితి నదిని పట్టుకుంటాం. రెండు నదుల నీళ్ళ రంగు వేరుగా ఉండి కలిసేచోట కాసేపు గీత గీసినట్టు కనిపిస్తుంది. అక్కణ్ణుంచి కా అనే చోటి మలుపులు మొదలు. నాకో దాకా వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుడు, నీడ లేదు, నీళ్ళు దొరికే చోట్లు తక్కువ. ఖాబ్‌లోనే మూడు నాలుగు లీటర్లు నింపుకోండి. ఏడింటికల్లా మొదటి మలుపు మీద ఉంటే మధ్యాహ్నం ఒంటిగంటకి చెరువు పక్కన టీ తాగుతూ ఉంటారు.

నాకోకి రాగానే పడుకోకండి. బ్యాగులు పడేసి, ఊరి పైనున్న మణి రాళ్ళ (బౌద్ధ మంత్రాలు చెక్కిన రాళ్ళు) దాకా మెల్లగా నడిచి దిగండి. చెరువు, విల్లో చెట్లు, 11వ శతాబ్దపు బౌద్ధ మందిరాలు, వెనకాల 6,816 మీటర్ల రియో పుర్గ్యిల్. రెండో రాత్రి కూడా ఇక్కడే.

ఇక్కణ్ణుంచి రోజూ పొద్దున అందరూ ఒకరినొకరు అడగాల్సిన ప్రశ్నలు మూడు: తలనొప్పి ఉందా, తిండి సయిస్తోందా, నిద్ర పట్టిందా? తలనొప్పి ఉండి, దానికి తోడు వికారమో ఆకలి చచ్చిపోవడమో ఉంటే ఆ రోజు పైకి వెళ్ళొద్దు. తగ్గకపోతే కిందికి దిగాలి. కూర్చున్నా ఆయాసం, పొడిదగ్గు, తూలుతూ నడవడం ఉంటే రాత్రయినా సరే బండి మాట్లాడుకుని దింపేయాలి. అనుమానంగా ఉంటే నేల మీద గీత గీసి మడమకు వేలు తగిలేలా నడవమనండి, నడవలేకపోతే ఇక చర్చ లేదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. కల్పా నుంచి నాకోకి అది కాస్త దాటుతుంది. ఛిత్కుల్‌లో ముందే ఒక రాత్రి పడుకోమన్నది, నాకోలో రెండో రాత్రి ఉండమన్నది అందుకే. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ గురించి బయల్దేరే ముందే మీ డాక్టర్‌ని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళకు అది ప్రమాదం. మందు వేసుకున్నాం కదా అని విశ్రాంతి రోజు ఎగ్గొట్టకూడదు. స్నేహితుడు ఎగతాళి చేస్తాడన్న భయంతో తలనొప్పి దాచిపెట్టి ఎక్కేవాళ్ళూ ఉంటారు. గుంపులో ఇది ముందే మాట్లాడుకోండి.

టాబో, ధంకర్

మల్లింగ్ దగ్గర వదులు మట్టి చరియలు దాటి సుమ్దోకి దిగితే లాహౌల్-స్పితి జిల్లా మొదలు. ఇళ్ళ రూపం మారిపోతుంది. మట్టి ఇటుకలు, సున్నం పూసిన గోడలు, కిటికీల చుట్టూ నల్ల పట్టీ, చదును కప్పు అంచున వరసగా పేర్చిన ఎండుపుల్లలు. అవి చలికాలం పొయ్యికి. ఎక్కువ పుల్లలుంటే కలిగిన ఇల్లని లెక్క.

టాబో ఆరామాన్ని క్రీ.శ. 996లో పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యపు రాజు యేషే ఓ కట్టించాడు. బయట నుంచి చూస్తే మట్టి దిబ్బల్లా ఉంటాయి, సగంమంది పది నిమిషాల్లో తిరిగొచ్చేస్తారు. లోపల చీకటి. అడుగుపెట్టగానే ఏమీ కనపడదు, రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడండి. ముందు కంటి ఎత్తుకు పైన గోడలోంచి ముందుకొచ్చిన మట్టి మూర్తులు తేలతాయి, ఆ తర్వాత వాటి కింద చిత్రాల వరసలు. వెయ్యేళ్ళ రంగులు. ఫొటోలు నిషేధం, చేతులు తగలనివ్వద్దు, జాకెట్ జిప్పు కూడా గోడకు రాసుకోకుండా నడవండి. 1975 జనవరి భూకంపాన్ని కూడా తట్టుకున్న గోడలవి.

షిచ్లింగ్ దగ్గర పక్కకు తిరిగి 8 కిలోమీటర్లు ఎక్కితే ధంకర్, స్పితి పాత రాజధాని. ఈ ఎనిమిదే ఆ రోజు మొత్తానికి పని. మట్టి స్తంభాల అంచున కోట, పాత గోంపా (బౌద్ధ మఠం) వేలాడుతున్నట్టుంటాయి. కింద పిన్ నది వచ్చి స్పితిలో కలిసే చోట జడపాయల్లా విడిపోయి అల్లుకున్న నీళ్ళు కనిపిస్తాయి. టూరిస్టు కార్లు ఫొటో తీసుకుని దిగిపోతాయి. రాత్రి ఉండేవాళ్ళకు ఊరు మిగులుతుంది.

హోమ్‌స్టేలో చెప్పులు బయట, 'జూలే' అని పలకరింపు. నీళ్ళు కింది నుంచి మోసుకొచ్చేవే కాబట్టి రోజూ స్నానం అడగొద్దు. సైకిల్ కడుగుతామని అసలే అనొద్దు.

తిండి

పొద్దున పరాఠా, దారిలో మ్యాగీ, రాత్రి రాజ్మా అన్నమో థుక్పానో (నూడుల్స్ సూపు). నాలుగు వేల మీటర్ల దగ్గర నీళ్ళు 87 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేని ఢాబాలో పప్పు, అన్నం పలుకుగానే ఉంటాయి. మనవాళ్ళు తీసుకెళ్ళాల్సింది అటుకులు, కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ. వేడినీళ్ళు అడిగి అటుకుల మీద పోసి మూతపెట్టి, అయిదు నిమిషాలాగి పొడి కలుపుకుంటే పొయ్యి అవసరం లేని భోజనం. ఎత్తులో ఆకలి తగ్గిపోయినప్పుడు ఆ ఊరగాయ ముక్కే నాలుగు ముద్దలు లోపలికి పంపిస్తుంది. ఆకలి లేకున్నా గంటకోసారి ఖర్జూరమో బెల్లం చిక్కీయో నోట్లో వేసుకోండి. నీళ్ళు రోజుకి నాలుగు లీటర్లు. మద్యం జోలికి పోవద్దు.

కాజా: ఇక్కడే నిర్ణయం

ఏటీఎం, పెట్రోలు బంకు, ఆస్పత్రి అన్నీ ఉన్నాయి, అయినా నగదు పియో నుంచే తెచ్చుకోండి. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. తర్వాత కీ గోంపా మీదుగా కిబ్బర్‌కి ఎక్కి అక్కడ పడుకోండి. 2017లో తెరిచిన చిచమ్ వంతెన మీదుగా కింది రోడ్డెక్కి లోసర్‌కి పోవచ్చు, కాజాకి దిగి రానక్కర్లేదు. లాంగ్జా, హిక్కిమ్, కోమిక్ చూడాలనుంటే విశ్రాంతి రోజు కాకుండా ఇంకో రోజు కలుపుకోండి. లాంగ్జాలో పిల్లలు సముద్రజీవుల శిలాజాలు అమ్మజూపుతారు. మన దేవుడి గదుల్లో ఉండే సాలగ్రామాల జాతివే. కొనొద్దు, కొండ మీది రాయి కొండ మీదే ఉండనివ్వండి.

కాజాలో ఒక నిర్ణయం తీసుకోవాలి. ఇక్కణ్ణుంచి వెనక్కి దిగడం సులువు, సాయం దగ్గర. లోసర్ దాటాక గ్రామ్‌ఫూ దాకా ఊళ్ళు లేవు, ఫోన్ సిగ్నల్ లేదు, ఆపద వస్తే ఏ వైపు దిగాలన్నా ముందు కనుమైనా ఎక్కాలి, లేదా రాళ్ళ దారైనా దాటాలి. గుంపులో ఒక్కరికి దగ్గు తగ్గకపోయినా, వెనక చక్రం ఊగుతున్నా, మంచు పడుతుందని వార్త ఉన్నా కాజాలోనే ఆపేయండి. ఇంటికి ఫోన్ చేసి ఏ రోజు మళ్ళీ మాట్లాడతారో చెప్పి, దానికి ఒక రోజు అదనంగా కలిపి చెప్పండి.

కుంజుమ్, వాగులు, చంద్రా లోయ

లోసర్ నుంచి కనుమ 18 కిలోమీటర్లే, 500 మీటర్ల లోపు ఎక్కుడే. కానీ పీల్చే గాలిలో ప్రాణవాయువు సముద్రమట్టంలో కన్నా నలభై శాతం తక్కువ. ఒకే లయలో తొక్కండి, ఊపిరి అందనప్పుడు దిగి నెట్టండి, నెట్టడం నామోషీ కాదు. పైన దేవి గుడి దగ్గర జెండాల మధ్య పదిహేను నిమిషాలకు మించి ఉండకండి, చెమట చల్లబడి వణుకొస్తుంది. దిగేముందు రెండో జత చేతితొడుగులు వేసుకోండి.

బాతల్ నుంచి ఛత్రు దాకా ముప్పై కిలోమీటర్ల పైన గుండ్రాళ్ళ దారి. టైర్లలో గాలి కొద్దిగా తగ్గించండి, బ్యాగుల పట్టీలు గంటకోసారి బిగించండి. హిమానీనదాల నుంచి దిగే వాగులు రోడ్డుకు అడ్డంగా పారుతుంటాయి. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నం నీళ్ళు పెరుగుతాయి, పొద్దున తక్కువ. ఆరింటికి బాతల్‌లో బయల్దేరాలన్నది అందుకే.

వాగు మోకాలి కన్నా తక్కువైతేనే నడిచి దాటండి. ముందు బ్యాగులు విప్పి విడిగా మోసుకెళ్ళండి. కట్టి ఉంచితే అవి నీటిని పట్టుకుని సైకిల్‌ని లాగేస్తాయి. బూట్లు తీసి సాక్సు మీద చెప్పులు వేసుకోండి, ఉత్తకాళ్ళతో వద్దు. సైకిల్ ప్రవాహానికి కింది వైపు ఉండాలి, మీరు పై వైపు. అది కొట్టుకుపోయినా మిమ్మల్ని పడదోయదు. రెండు బ్రేకులూ పట్టి సైకిల్‌ని ఊతకర్రలా నిలిపి, కాలు ఆనాకే ముందుకు జరపండి. మోకాలు దాటితే ఆగి, జీపో లారీయో వచ్చేదాకా కూర్చోండి. ఈ దారిలో డ్రైవర్లు సైకిల్ ఎక్కించుకోకుండా పోరు.

గ్రామ్‌ఫూ చేరాక తారు రోడ్డు. రోహ్‌తాంగ్ 3,978 మీటర్లే, కుంజుమ్ దాటినవాళ్ళకు గాలి చిక్కగా అనిపిస్తుంది. ఆవలి దిగుడు 50 కిలోమీటర్లు. పైన బ్రేక్ ప్యాడ్‌లు తీసి చూడండి. ఇనప పలక మీద మందం ఒక మిల్లీమీటరు కూడా లేకపోతే మార్చాకే దిగండి, రెండో జత తెమ్మన్నది ఈ కనుమ కోసమే. మనాలిలో సైకిల్ షాపులు, అద్దె సైకిళ్ళవాళ్ళు ఉన్నారు, పాత అట్టపెట్టె అడిగితే దొరుకుతుంది. ఢిల్లీ వోల్వోలో డిక్కీలో పెట్టనిస్తారో లేదో టికెట్ కొనక ముందే అడిగి, లగేజీ ఛార్జీ ఎంతో అక్కడే తేల్చుకోండి.